బార్, కేజీ, పీఎస్ఐ: ప్రెషర్ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

వరంగల్, కరీంనగర్ వైపు రైస్‌మిల్లుల్లో ప్రెషర్ గేజులు సరిచూడటం నా పని. యూనిట్లు మార్చే గుణకారం ఇప్పుడు ఫోనే చేసి పెడుతుంది. చిక్కు అక్కడ రాదు, ఆ అంకెను ఎక్కడి నుంచి లెక్కపెట్టారన్న దగ్గర వస్తుంది.

అపోహ: "బార్ అన్నా, కేజీ అన్నా ఒకటే గదన్నా!"

వాస్తవం: దాదాపు ఒకటే. చదరపు సెంటీమీటరుకు 1 కేజీ అంటే 0.98 బార్. టైరు గాలికి ఈ తేడా లెక్కలోకి రాదు. అదే పవర్ ప్లాంటు లైన్లో 100 కేజీలకు వెళ్తే తేడా రెండు బార్లవుతుంది. సేఫ్టీ వాల్వు సెట్ చేసేవాడు దాన్ని వదిలేయలేడు.

అపోహ: బాయిలర్ ప్లేటు మీది 10.54 కేజీలు ఏదో పరీక్షలో తేలిన అంకె.

వాస్తవం: పీఎస్ఐ అంటే చదరపు అంగుళానికి పౌండ్లు, 1 కేజీకి 14.22 పీఎస్ఐ. 150 పీఎస్ఐని 14.22తో భాగించి చూడండి. పౌండ్లలో గుండ్రంగా ఉన్న అంకె కేజీల్లోకి వచ్చి ఇలా అయింది, అంతే.

అపోహ: గేజు రీడింగును బార్లలోకి మార్చుకుంటే నేరుగా స్టీమ్ టేబుల్ (ఏ ప్రెషర్ దగ్గర ఆవిరి ఎంత వేడి ఉంటుందో చెప్పే పట్టిక) చూడొచ్చు.

వాస్తవం: నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. గేజు సున్నా చూపిస్తోందంటే ప్రెషర్ అసలే లేదని కాదు, బయటి గాలి ఒత్తిడికి సమానంగా ఉందని. టేబుళ్లు మాత్రం సాధారణంగా పూర్తి శూన్యం నుంచి లెక్కపెట్టే ఆబ్సల్యూట్ ప్రెషర్‌లో ఉంటాయి. కాబట్టి గేజు మీద 10 బార్ ఉంటే టేబుల్లో సుమారు 11 దగ్గర చూడాలి. అక్కడ ఆవిరి వేడి 184 డిగ్రీలు. తెలియక 10 దగ్గర చూస్తే 180 కనిపిస్తుంది. ఆ నాలుగు డిగ్రీలకు థర్మామీటరు పాడైందనుకుని కొత్తది తెప్పించినవాళ్లున్నారు.

వాక్యూమ్ గేజు 760 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కలో) చూపించాల్సిందే, లేకుంటే పంపు పోయినట్టేనన్న మాట కూడా ఈ కోవలోదే. 760 సముద్రమట్టం దగ్గరి లెక్క. వరంగల్ అంతకంటే రెండున్నర వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడే సుమారు 735 నుంచి 740. గాలి మొత్తం లాగేసినా గేజు అంతకు మించి ఎక్కడ చూపిస్తుంది? పంపు విప్పకముందే ఇది ఆలోచించాలి.

అపోహ: బోరు మోటరు హెడ్ (నీళ్లను ఎత్తగలిగే ఎత్తు) 100 మీటర్లుంటే, డ్రిప్పుకు 10 కేజీలు వస్తుంది.

వాస్తవం: 10 మీటర్ల నీళ్లకు 1 కేజీ అన్న మార్పిడి సరైనదే. కానీ నీళ్లు 70 మీటర్ల లోతున ఉంటే పైకి ఎత్తడానికే 7 కేజీలు పోతాయి. మిగిలిన మూడులో పైపుల రాపిడికి కొంత. మిర్చి చేనులో డ్రిప్పర్ల దగ్గర 1 కేజీ మిగిలితే బాగానే పారుతుంది. ఎండాకాలం నీళ్లు ఇంకా కిందికి దిగితే అదీ తగ్గుతుంది, మోటరును తిట్టి లాభం లేదు.

అపోహ: దశాంశాలు ఎక్కువ రాస్తే లెక్క కచ్చితం.

వాస్తవం: 0-16 కేజీల డయలు మీద క్లాస్ 1.6 (డయలు పూర్తి అంకెలో 1.6 శాతం తేడా) అని ఉంటే, అటూ ఇటూ పావు కేజీ తేడాకు దానికి అనుమతి ఉన్నట్టే. అంటే మూడున్నర పీఎస్ఐ పైనే. ఆ గేజు 10 చూపిస్తే రిజిస్టర్లో 142.233 పీఎస్ఐ అని రాయడం దేనికి? డయలు కేజీల్లో ఉంటే కేజీల్లోనే రాయండి, అడిగినవాళ్లు మార్చుకుంటారు.