నూనెలో తడిసినా జారని పట్టు

నూనె చేతులతో సీసా మూత తిప్పబోతే జారిపోతుంది. మరి చాలా బైకుల్లో క్లచ్ ఎప్పుడూ ఇంజన్ ఆయిల్లోనే తడుస్తుంటుంది కదా, అది జారకుండా బండిని ఎలా లాగుతోంది?

విప్పి చూస్తే కనిపించేది ప్లేట్ల దొంతర. గోధుమరంగు అట్ట అతికించిన ఫ్రిక్షన్ ప్లేట్ ఒకటి, పక్కన నున్నటి స్టీల్ ప్లేట్, మళ్లీ ఫ్రిక్షన్ ప్లేట్. మొదటివి ఇంజన్‌తో తిరుగుతాయి, రెండోవి గేర్‌బాక్స్‌తో. స్ప్రింగులు నొక్కితే అన్నీ ఒక్కటై తిరుగుతాయి. ఇన్ని ఎందుకంటే, తడి పట్టు బలహీనం. ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంత బలమో చెప్పే అంకె, నూనెలో సుమారు 0.1 నుంచి 0.15 వరకే, పొడి క్లచ్‌లో అయితే 0.3 దాకా ఉంటుంది. ఆ లోటును రాసుకునే ముఖాల సంఖ్యతో పూడ్చారు.

అట్ట అన్నది ఊరికే అనలేదు. కాగితం చేసినట్టే నారపీచును పరిచి, రెసిన్‌తో గట్టిపరిచి చేస్తారు. దాన్నిండా సన్నటి రంధ్రాలు, పైన గాడులు. నొక్కుడు పడగానే మధ్యలోని నూనె వాటిలోకి తప్పుకుంటుంది, పీచు కొనలు స్టీల్‌ను తాకుతాయి. చలి పొద్దున నూనె చిక్కగా ఉంటే, నొక్కుడు తీసేసినా అది ప్లేట్లను జిగురులా పట్టి లాగుతుంది. అందుకే క్లచ్ లివర్ పూర్తిగా పట్టి మొదటి గేర్ వేసినా బండి ఒక్కసారి ముందుకు ఎగురుతుంది.

వేడి విషయంలో ఒక లెక్క నాకు భలే ఇష్టం. బండీ మనిషీ కలిపి 200 కిలోలు. ఆగిన చోటు నుంచి గంటకు 18 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే 2,500 జౌళ్ల శక్తి కావాలి. ఈలోగా ఇంజన్ ఒకే వేగంతో తిరుగుతోందనుకుంటే, సరిగ్గా అంతే శక్తి క్లచ్‌లో వేడిగా పోతుంది. రోడ్డు నిరోధాన్ని పక్కనపెడితే, లివర్ మెల్లగా వదిలినా గబుక్కున వదిలినా ఈ సగం వాటా మారదు! ఇక ఎత్తు మీద బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టారా, బండి కదలదు కాబట్టి క్లచ్‌కు చేరిన శక్తి మొత్తం వేడే.

అట్ట వేడిని సరిగా మోయలేదు. ముందు స్టీల్ ప్లేట్ పీల్చుకుంటే, దాని నుంచి నూనె తీసుకెళ్తుంది. నూనెకు అందనంత వేగంగా వేడి పుడితే స్టీల్ మీద నీలం మచ్చలు వస్తాయి. అక్కడ వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరిందన్నమాట. ప్లేట్ వంకర కూడా పోవచ్చు. దానికన్నా మోసకారి నష్టం ఇంకొకటుంది. మాడిన నూనె రంధ్రాల్లో పేరుకుని అట్ట అద్దంలా నున్నబడుతుంది. కొలిచి చూస్తే మందం సరిగ్గానే ఉంటుంది, బండి మాత్రం యాక్సిలరేటర్ తిప్పితే గీపెడుతుందే గానీ వేగం అందుకోదు.

నూనెలో కలిపే మందులదీ ఇదే తకరారు. ప్లేట్ల వేగాలు దగ్గరపడే కొద్దీ ఘర్షణ పెరిగితే పట్టుతూ జారుతూ బండి వణుకుతుంది. ఆ వణుకు ఆపే మందు మోతాదు మించితే పట్టే పోతుంది. కార్ల ఇంజన్ ఆయిల్లో మైలేజీ కోసం ఘర్షణ తగ్గించే మందులు ఉండొచ్చు, అందుకే దాన్ని బైకులో పోసే ముందు ఆలోచించాలి. తడి క్లచ్ ఉన్న బండికి డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) గుర్తు ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందేమో చూసుకోవాలి. ఎంబీ అని ఉంటే అది ఘర్షణ తక్కువ రకం, క్లచ్ ఇంజన్ ఆయిల్లో మునగని స్కూటర్లకు పనికొస్తుంది.