బడి వదిలాక మొదలయ్యే పని: టీచర్ల జీతం లెక్కల్లో గంటలు ఎందుకు లేవు

'బతకలేక బడిపంతులు' అనే మాట మన భాషలో ఎప్పటినుంచో ఉంది. జీతం చాలదన్న జాలితో పాటు, ఇంకే పనీ దొరకనివాళ్ళే ఈ పనికి వస్తారన్న చిన్నచూపు కూడా ఆ మాటలో ఉంది. ప్రభుత్వ బడి టీచర్ల జీతం మీద ఎక్కడ వాదన లేచినా ఈ రెండూ కలిసే వస్తాయి. పొద్దున వెళ్ళి సాయంత్రం కాకముందే ఇంటికి వచ్చేస్తారు, ఏడాదిలో అన్ని వారాలు సెలవులు, ఇంకేం కావాలి అని కొందరంటారు. ఇంటికి తెచ్చుకున్న పని ఎవరి లెక్కలోకి వస్తుందని టీచర్లు అడుగుతారు. నూట యాభై ఏళ్ళ పైబడిన చరిత్ర తిరగేస్తే, టీచర్ల ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పినవాళ్ళు చాలా తక్కువ. టీచరు ఆడా మగా, పిల్లలు పాసయ్యారా లేదా, డిగ్రీలెన్ని, సర్వీసు ఎంత అన్నవన్నీ జీతానికి కొలతలయ్యాయి. పని గంటలు మాత్రం దాదాపు ఎప్పుడూ కాలేదు.

ఆ గంటలు ఎలా ఉంటాయో ఒక చిన్న లెక్క వేద్దాం. భాష చెప్పే టీచరుకు ఐదు సెక్షన్లు, సెక్షనుకు 35 మంది అనుకుంటే 175 నోటు పుస్తకాలు. ఒక్కో వ్యాసం చదివి, తప్పులు దిద్ది, పక్కన ఒక మంచి మాట రాయడానికి మూడు నిమిషాలు చాలనుకున్నా మొత్తం 525 నిమిషాలు, అంటే 8 గంటల 45 నిమిషాలు. ఒక్కసారి రాయించిన ఒక్క వ్యాసానికే ఒక పనిదినం దాటిపోయింది. ఇందులో రేపటి పాఠానికి తయారవడం లేదు, పరీక్ష పేపరు తయారు చేయడం లేదు, ఫోనులో తల్లిదండ్రులతో మాట్లాడటం లేదు. దిద్దకుండా టిక్కు పెట్టి వదిలేస్తే ఈ గంటలు మిగులుతాయి. అప్పుడు నష్టపోయేది పిల్లలు.

ఈ పనికి హద్దు లేకపోవడం మొదటినుంచీ ఉంది. 19వ శతాబ్దంలో అమెరికా పల్లె బడుల్లో టీచరు జీతంలో కొంత భాగం తిండి, పడక రూపంలో ముట్టేది. ఒక వారం ఒకరింట్లో, ఇంకో వారం మరొకరింట్లో టీచర్లు వారాలు చేసుకుని బతికేవారు. పిల్లవాడి ఇంట్లోనే కాపురం ఉన్న మనిషికి డ్యూటీ దిగడం అనేది ఎక్కడుంటుంది?

1837లో మసాచుసెట్స్ విద్యా బోర్డు కార్యదర్శి అయిన హొరేస్ మన్ అందరికీ ప్రభుత్వ బడి ఉండాలని ఉద్యమంలా పనిచేశాడు. 1839లో లెక్సింగ్టన్‌లో రాష్ట్రం తరఫున టీచర్ల శిక్షణ పాఠశాల తెరిస్తే మొదటి రోజు వచ్చింది ముగ్గురే, ముగ్గురూ అమ్మాయిలే. బడులు వేగంగా పెరగాలి, ఖర్చు పెరగకూడదు. అందుకు దొరికిన దారి ఆడవాళ్ళను పెట్టుకోవడం. వాళ్ళకు మగవాళ్ళ జీతంలో సగం, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ ఇచ్చేవారు. ఆడవాళ్ళ చదువు కోసం ఎంతో పాటుపడిన క్యాథరిన్ బీచర్ కూడా, ఆడవాళ్ళు తక్కువ జీతానికే చెబుతారని ఒక వాదనగా ముందుకు తెచ్చింది. చదువు చెప్పడం తల్లి మనసుతో చేసే సేవ అన్నారు. సేవ అన్న తర్వాత గంటలు అడగడం తప్పుగా కనిపిస్తుంది. ఆ భావం టీచర్లకు చేసిన నష్టం ఇంతా అంతా కాదు, అది ఇప్పటికీ పోలేదు.

ఇంగ్లండులో ఇంకో దారి పట్టారు. 1862లో రాబర్ట్ లో (Lowe) అనే మంత్రి తెచ్చిన నియమావళి ప్రకారం బడికి వచ్చే గ్రాంటు పిల్లల పరీక్ష మీద ఆధారపడింది. తగినన్ని రోజులు బడికి వచ్చిన పిల్లవాడికి 12 షిల్లింగులు. అందులో 8 షిల్లింగులు చదవడం, రాయడం, లెక్కల పరీక్షలకు ముడిపెట్టారు. ఒక్కో దాంట్లో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. చాలాచోట్ల టీచరు జీతం ఈ గ్రాంటుకే ముడిపడి ఉండేది. ఏడాదంతా చేసిన పని విలువ ఇన్‌స్పెక్టర్ వచ్చిన ఒక్క రోజున తేలిపోయేది. టీచర్లు ఏం చేస్తారు? పరీక్షకు వచ్చే పుస్తకాన్నే పిల్లల చేత మళ్ళీ మళ్ళీ వల్లె వేయించారు. స్వయంగా ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతి చదువును యంత్రంలా మారుస్తోందని గట్టిగా వ్యతిరేకించాడు. అయినా అది పూర్తిగా పోవడానికి 1890లు రావాల్సి వచ్చింది.

జీతం గురించి టీచర్లు తమంతట తాము చేసిన పోరాటాల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది షికాగో కథ. 1897లో అక్కడి ప్రాథమిక పాఠశాలల టీచర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, మేయర్‌ను ఎన్నుకునే ఓటు కూడా లేనివాళ్ళు. ఇస్తామన్న జీతం పెంపును నగర విద్యా బోర్డు డబ్బు లేదని ఆపేసింది. సంఘం నాయకులు మార్గరెట్ హేలీ, క్యాథరిన్ గొగ్గిన్ ఆ మాట విని ఊరుకోలేదు. డబ్బు ఎందుకు లేదని పన్నుల రికార్డులు తిరగేశారు. నగరంలో గ్యాసు, కరెంటు, ట్రాములు నడిపే పెద్ద కంపెనీలు తమ లైసెన్సుల విలువ మీద కట్టాల్సిన పన్ను కట్టడం లేదని తేలింది. కోర్టుకెక్కారు. 1901లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టులో గెలిచారు. అలా వచ్చిన డబ్బును బోర్డు జీతాలకు ఇవ్వకుండా బొగ్గు బిల్లులకు, రిపేర్లకు మళ్ళించింది. టీచర్లు మళ్ళీ కేసు వేసి 1904లో అదీ గెలిచారు. అదే ఏడాది సెయింట్ లూయిస్‌లో జాతీయ విద్యా సంఘం సభలో హేలీ మాట్లాడుతూ చాలని జీతం, భద్రత లేని ఉద్యోగం, కిక్కిరిసిన క్లాసుల్లో మితిమీరిన పని ఒకే సమస్యలో భాగాలని చెప్పింది. జీతాన్నీ పని భారాన్నీ ఒకచోట పెట్టి అంత పెద్ద వేదిక మీద నిలదీయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆడవాళ్ళకు సమాన జీతం న్యూయార్క్ టీచర్లు 1911లో చట్టం ద్వారా సాధించుకున్నారు. ఇంగ్లండులో అది 1961కి గానీ పూర్తిగా అమలు కాలేదు. 1921లో డెన్వర్, డెమోయిన్ నగరాలు ఒకే జీతం పట్టిక తెచ్చాయి: చిన్న క్లాసులకు చెప్పినా పెద్ద క్లాసులకు చెప్పినా, డిగ్రీ, అనుభవం సమానమైతే జీతం సమానం. తరువాతి ముప్పై ఏళ్ళలో అది అమెరికా అంతటా పాకింది. పక్షపాతాన్ని అడ్డుకున్న మంచి పద్ధతే. కానీ ఆ పట్టికలో గంటలకు గడి లేదు. 1938లో కార్మికుల ఓవర్‌టైమ్ కోసం వచ్చిన సమాఖ్య చట్టం కిందా టీచర్లకు ఓవర్‌టైమ్ రాదు, వృత్తి నిపుణుల కింద వాళ్ళకు మినహాయింపు ఉంది. గౌరవం పేరుతో గంటల లెక్క పోయింది.

1966 అక్టోబర్ 5న యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి టీచర్ల హోదాపై ఒక సిఫారసు ఆమోదించాయి. పని గంటలను టీచర్ల సంఘాలతో మాట్లాడి నిర్ణయించాలని, పాఠానికి తయారవడం, దిద్దడం, తల్లిదండ్రులతో మాట్లాడటం కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. ఇప్పుడు ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకునేది ఆ తేదీనే. అయితే అది సిఫారసే, ఏ దేశాన్నీ కట్టిపడేయదు.

గంటలను రాతలో పెట్టినది ఇంగ్లండు. ఏళ్ళ తరబడి సాగిన సమ్మెల తరువాత 1987లో, జీతాలపై బేరమాడే హక్కును టీచర్ల సంఘాల నుంచి తీసేసిన ప్రభుత్వమే ఏడాదికి 195 రోజులు, 1265 గంటలు అని నిర్ణయించింది. రోజుకు ఆరున్నర గంటల లెక్క. దాని కిందే ఇంకో వాక్యం ఉంది: బాధ్యతలు సరిగా నెరవేర్చడానికి అవసరమైన సమంజసమైన అదనపు గంటలు కూడా పనిచేయాలి. ఎన్ని గంటలో చెప్పలేదు. నోటు పుస్తకాలన్నీ వెళ్ళిపడింది ఆ వాక్యంలోనే. 2005లో, తయారీకీ దిద్దడానికీ బోధన సమయంలో కనీసం పదో వంతు కేటాయించాలని నియమం వచ్చాక కొంత ఊపిరి ఆడింది.

అమెరికాలో ఈ మధ్య పోరు జీతం మీదే ఎక్కువ నడిచింది. 2018లో వెస్ట్ వర్జీనియాలోని 55 కౌంటీల్లోనూ టీచర్లు బడులు మూసి సమ్మె చేసి 5 శాతం పెంపు సాధించారు. ఆ ఊపు ఓక్లహోమా, అరిజోనాకు పాకింది. అక్కడి ఆర్థిక విధాన సంస్థ ఒకటి వారం జీతాలు పోల్చి, అంతే చదివిన ఇతర ఉద్యోగుల కంటే టీచర్లు 1996లో 6 శాతం, 2022లో 26 శాతం వెనుక ఉన్నారని లెక్కగట్టింది. పింఛను, సెలవులు కలిపితే ఈ తేడా ఉండదని వాదించే ఆర్థికవేత్తలూ ఉన్నారు. పింఛను సంగతి న్యాయమైన ప్రశ్నే. సెలవుల విషయంలో మాత్రం వాళ్ళతో ఏకీభవించలేను. బడి నడిచే వారాల్లో ఇంట్లో చేసే గంటలు కలపకుండా, బడి లేని వారాలు మాత్రం తీసేస్తే అది సగం లెక్కే అవుతుంది.

జపాన్ కథ ఈ సగం లెక్కకు పెద్ద ఉదాహరణ. 1966లో అక్కడ సర్వే చేస్తే ప్రభుత్వ బడి టీచర్ల అదనపు పని నెలకు సుమారు 8 గంటలని తేలింది. దాని ఆధారంగా 1971లో చట్టం తెచ్చారు: ఓవర్‌టైమ్ లేదు, బదులుగా మూల వేతనం మీద 4 శాతం. లెక్క అక్కడే ఆగిపోయింది, పని ఆగలేదు. 2018లో ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) అంతర్జాతీయ సర్వేలో మాధ్యమిక పాఠశాల టీచర్లు సగటున వారానికి 38.3 గంటలు పనిచేస్తుంటే జపాన్‌లో 56 గంటలు. అందులో పాఠం చెప్పేది 18 గంటలే, అంతర్జాతీయ సగటు కన్నా తక్కువ. మిగతాది క్లబ్బులు, కాగితాల పని, మీటింగులు. ఒకే రేటుకు ఎంతసేపైనా పని చేయించుకునే ప్యాకేజీ అని అక్కడి జనం ఆ చట్టానికి పేరు పెట్టారు.

అర్ధ శతాబ్దం దాటాక, 2025లో ఆ చట్టాన్ని సవరించారు. 4 శాతాన్ని 2026 నుంచి ఏటా ఒక్కో శాతం చొప్పున పెంచి 2031కి 10 శాతం చేస్తారు. అదనపు గంటలను తగ్గించాలని కూడా అందులో రాసుకున్నారు. టీచర్లు కొందరు అడిగినది మాత్రం అది కాదు, చేసిన ప్రతి అదనపు గంటనూ రాసి, ఆ గంటకు డబ్బు కట్టమని. సవరణలో దానికి చోటు దొరకలేదు.