ద్వీపంలో వారం రోజుల హాలిడే: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కూకట్‌పల్లిలో చిన్న ఆఫీసు పెట్టుకొని 11 ఏళ్ల నుంచి ద్వీపాల ట్రిప్పులే ప్లాన్ చేసి ఇస్తున్నా, ఎక్కువ అండమాన్, అడిగినోళ్లకి లక్షద్వీప్, మాల్దీవులు. ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు ఫోన్ ఆగదు, అందరూ మొదట అనే మాట ఒకటే, "అక్కా, ఏం తిరగం, వారం రోజులు సముద్రం పక్కన ప్రశాంతంగా ఉండి రావాలి". సరే అని ఫోన్ పెట్టేలోపే ఎక్కడో చూసిన 9 ప్లేసుల లిస్ట్ వాట్సాప్‌లో వచ్చేస్తది. ఈ రెండూ ఒక వారంలో ఇమడవని చెప్పడానికే నా సగం టైమ్ పోతది, అందుకే ఒకేసారి రాసి పెడుతున్నా.

అపోహ: వారం ఉంది కదా, మూడు నాలుగు ద్వీపాలు ఈజీగా కవర్ చేయొచ్చు

నేను ఏ ప్లాన్ చూసినా ముందు లెక్కపెట్టేది రాత్రులు కాదు, సముద్రం ఎన్నిసార్లు దాటుతున్నారు అని. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ నుంచి (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, కానీ ఇంకా అందరూ పాత పేరే అంటున్నారు) హావ్‌లాక్ ద్వీపానికి ప్రైవేట్ బోట్‌లో గంటన్నర, గవర్నమెంట్ ఫెర్రీ అయితే రెండున్నర గంటల దాకా పడుతది. విన్నప్పుడు ఇంతేనా అనిపిస్తది. కానీ పొద్దున లేచి బ్యాగులు సర్ది, రూమ్ ఖాళీ చేసి, జెట్టీకి ముందే చేరుకొని లైన్‌లో నిలబడి ఐడీలు చూపించి సామాను ఎక్కించి, అవతల దిగి ఆటో మాట్లాడుకొని హోటల్‌కి పోతే రూమ్ ఇంకా రెడీ కాలేదంటారు, ఇంక ఆ రోజు అయిపోయినట్టే. ఒక్కసారి దాటడం అంటే ఒక రోజు అని రాసుకోండి. పోర్ట్ బ్లెయిర్, నీల్ ద్వీపం, హావ్‌లాక్, మళ్లీ పోర్ట్ బ్లెయిర్ అంటే మూడుసార్లు దాటాలి, దానికి లిటిల్ అండమాన్ కూడా కలిపితే పోర్ట్ బ్లెయిర్ నుంచి అక్కడి హట్ బే రేవుకి ఓడలో పోనే 6 నుంచి 8 గంటలు, రావడం మళ్లీ అంతే. అది చాలా అందమైన చోటు, బట్లర్ బే దగ్గర అలల మీద సర్ఫింగ్ చేస్తుంటే చూడాలి, కానీ పోతే అదొక్కటే పెట్టుకొని పోవాలి.

పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఫ్యామిలీకి నేను ఇచ్చే వారం ఇట్ల ఉంటది: దిగిన రోజు పోర్ట్ బ్లెయిర్‌లో రెస్ట్, సాయంత్రం ఓపిక ఉంటే సెల్యులార్ జైలు. తర్వాత నాలుగు రాత్రులు ఒకటే ద్వీపంలో ఒకటే రూమ్‌లో. చివరి రాత్రి మళ్లీ పోర్ట్ బ్లెయిర్. దాటేది రెండుసార్లే. "నాలుగు రోజులు ఒక్క చోట బోర్ కొట్టదా అక్కా" అని అందరూ అడుగుతారు, మొదటి రోజు కొంచెం కొడుతది, నిజమే. సిటీలో పరుగెత్తి పరుగెత్తి వచ్చిన ఒళ్లు కదా, ఆగమంటే వెంటనే ఆగదు. మూడో రోజు వచ్చేసరికి టిఫిన్ సెంటర్ ఆయన మిమ్మల్ని గుర్తుపట్టి, అడగకముందే చాయ్ పెడతాడు, మీరు కోరుకున్న ప్రశాంతత అక్కడ మొదలవుతది.

అపోహ: రిటర్న్ ఫ్లైట్ మధ్యాహ్నమే కదా, పొద్దున బోట్ పట్టుకుంటే సరిపోతది

దయచేసి ఈ పని చేయకండి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఆరుగురి ఫ్యామిలీకి ఒక రాత్రి హోటల్ డబ్బులు మిగులుతాయని ఇట్లనే ప్లాన్ ఇచ్చా. ముందురోజు రాత్రి గాలి మొదలైంది, పొద్దునకి బోట్లన్నీ ఆపేశారు. హావ్‌లాక్ జెట్టీలో సూట్‌కేసుల మీద కూర్చొని ఆ పెద్దాయన నాకు ఫోన్ చేసి తిట్టలేదు, "ఏం చేద్దామమ్మా" అని అడిగాడు, ఆ గొంతు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆరు టికెట్లు పోయినయ్, కొత్తగా కొన్నవాటికి దాదాపు డబుల్ అయింది, అందులో కొంత నేనే పెట్టుకున్నా. అప్పటి నుంచి ఫ్లైట్‌కి ముందు రాత్రి ఎయిర్‌పోర్ట్ ఉన్న ద్వీపంలోనే ఉండాలి అన్న దాంట్లో ఎవరి మాటా వినను. వాతావరణ హెచ్చరిక వస్తే బోట్ ఆగుతది, దానికి మీ టికెట్ తేదీతో పని లేదు.

మాల్దీవులకి పోయేవాళ్లకి ఇదే ఇంకో రకంగా వస్తది. అక్కడ రిసార్ట్‌లకి తీసుకుపోయే సీప్లేన్లు (నీళ్ల మీద దిగే చిన్న విమానాలు) పగటి పూటే ఎగురుతాయి, మీ ఫ్లైట్ రాజధాని మాలేలో సాయంత్రం దిగితే దూరం రిసార్ట్‌కి ఆ రోజు పోలేరు, ఒక రాత్రి మాలే దగ్గరే ఉండాలి. టికెట్ చవకగా వచ్చిందని సాయంత్రం దిగే ఫ్లైట్ కొనేసి తర్వాత నా దగ్గరికి వస్తారు, అప్పుడు నేను చేసేదేం ఉండదు.

అపోహ: ఆఫ్ సీజన్‌లో పోతే సగం రేటు, జనం కూడా ఉండరు

రేటు తగ్గే మాట నిజమే. ఎందుకు తగ్గుతదో కూడా తెలుసుకోవాలి కదా. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు తాకేది అండమాన్‌నే, మామూలుగా మే మూడో వారంలో. మన దగ్గర రోహిణి కార్తె ఎండ మొదలయ్యే టైమ్‌కి అక్కడ వాన పడుతుంటది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. సముద్రం కుదురుగా, నీళ్లు గాజులా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా.

ఇప్పుడు మన హైదరాబాద్ లెక్కలోకి రండి. దసరా సెలవులు అక్టోబర్‌లో పడితే వాన, గాలి రిస్క్ ఉంటది. సంక్రాంతి టైమ్ వాతావరణానికి చాలా మంచిది, కాకపోతే టికెట్ రేట్లు మండిపోతాయి, మూడు నెలల ముందే తీసుకోవాలి. ఫిబ్రవరి, మార్చి బంగారం లాంటి నెలలు గానీ పిల్లలకి పరీక్షలు. ఎండాకాలం సెలవులు ఏప్రిల్ ఆఖర్లో ఇస్తారు కాబట్టి ఇచ్చిన వెంటనే మొదటి వారంలోనే పొండి, పెళ్లిళ్లు అయ్యాక మే ఆఖర్లో పోదాం అంటే మాత్రం నేనే వద్దంటా. స్కూలు పిల్లలు లేని జంటలు, రిటైరైన వాళ్లు ఫిబ్రవరి మధ్యలో పోతే అంతకన్నా మంచి టైమ్ ఇంకోటి లేదు.

అపోహ: బీచ్ ఎక్కడికి పోతది, లేట్‌గా లేచి మెల్లగా పోదాం

బీచ్ ఉంటది, నీళ్లు ఉండవు. ఇది చాలామందికి తెలీదు. ఆటుపోట్లు రోజుకి రెండుసార్లు, ఒక పోటుకి (నీళ్లు పైకి రావడం) తర్వాత ఆటుకి (వెనక్కి పోవడం) మధ్య 6 గంటల పైన, పైగా రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యం అవుతుంటది. నీల్‌లో అయితే ఆటు టైమ్‌లో సముద్రం చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు, పగడాల ముక్కలు బయటపడతాయి, ఈత కుదరదు. కానీ అక్కడి సహజ రాతి వంతెన దగ్గరికి నడిచిపోయేది ఆ టైమ్‌లోనే. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటుపోట్లు రెండూ పెద్దగా ఉంటాయి. అందుకే నేను బుకింగ్ చేసేటప్పుడు గోడ మీద క్యాలెండర్‌లో తిథి చూసుకుంటా, ఆ వారం టైడ్ టైమ్స్ కాగితం మీద రాసి టికెట్లతో పాటు ఇస్తా.

ఇంకోటి, అక్కడ సూర్యుడు తొందరగా దిగుతాడు. గడియారం టైమ్ మనదే, కానీ హైదరాబాద్ 78.5 డిగ్రీల రేఖాంశం మీద ఉంటే అండమాన్ దాదాపు 93 మీద ఉంది, డిగ్రీకి 4 నిమిషాలు లెక్కేస్తే సుమారు గంట తేడా. డిసెంబర్‌లో సాయంత్రం 5కి సూర్యాస్తమయం అయిపోతది, పొద్దున ఐదున్నరకల్లా వెలుగు. 9 గంటలకి లేచి టిఫిన్ చేసి 11కి బయటికి పోతే ఎండ, వేడి తప్ప ఏం దొరకదు. రాత్రి 9కి పడుకొని 5కి లేవండి, మధ్యాహ్నం మంచి కునుకు తీయండి, వారం అంతా ఒంటికి హాయిగా ఉంటది.

అపోహ: ఈత రాకపోతే సముద్రంలో ఏం చేయలేం, వచ్చినోళ్లు స్కూబా ఆఖరి రోజుకి పెట్టుకోవచ్చు

ఈత రాకపోయినా మొదటిసారి చేసే స్కూబా డైవ్‌లో (గాలి సిలిండర్ పెట్టుకొని నీళ్ల కిందికి పోవడం) ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకొనే ఉంటాడు, 10 ఏళ్లు దాటిన పిల్లలు కూడా చేయొచ్చు, ఆస్తమా, గుండె, చెవి సమస్యలు ఉంటే మాత్రం ముందే డాక్టర్‌ని అడగాలి. ఆఖరి రోజు మాత్రం వద్దే వద్దు. లోపల ప్రెషర్‌లో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కలిసి ఉంటది, అది మెల్లగా బయటికి పోకముందే ఫ్లైట్ ఎక్కి పైకి పోతే ఒంట్లోనే బుడగలు అవుతాయి, అది ప్రమాదం. ఒక్క డైవ్‌కైతే 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలని డైవింగ్ వాళ్లు చెప్తారు. నేను అందరికీ పూర్తిగా ఒక రోజు గ్యాప్ పెడతా. వారం మధ్యలో పెట్టుకోండి, ఒకరోజు వాన పడినా ఇంకో రోజు ఉంటది.

అపోహ: పర్మిట్ల లొల్లి ఎక్కువ, నెట్ ఉండదు, మన తిండి దొరకదు

అండమాన్‌కి మనకి పర్మిట్ అక్కర్లేదు, గిరిజన రిజర్వ్ ప్రాంతాలకీ, నికోబార్‌కీ మాత్రం టూరిస్టులు పోలేరు. లక్షద్వీప్‌కి భారతీయులకి కూడా పర్మిట్ కావాలి, 36 దీవుల్లో జనం ఉండేవి 10, టూరిస్టులని పోనిచ్చేవి ఇంకా తక్కువ, దారి ఎక్కువగా కొచ్చి మీదుగానే, కాబట్టి అది రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టే పని. మాల్దీవులకి మనకి దిగగానే వీసా ఫ్రీ.

నెట్ సంగతి 2020 ఆగస్టులో మారింది, చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. వాట్సాప్, పేమెంట్లు నడుస్తాయి, అయినా చిన్న ద్వీపాల్లో ఏటీఎంలు ఒకటో రెండో, అవి కూడా ఖాళీ అవుతుంటాయి, క్యాష్ పట్టుకెళ్లండి. తిండి గురించి అస్సలు పరేషాన్ వద్దు. అండమాన్‌లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, వైజాగ్ నుంచి ఓడ కూడా నడుస్తది, పోర్ట్ బ్లెయిర్ బజార్‌లో తెలుగు వినపడితే ఆశ్చర్యపోకండి. కూరగాయలు చాలావరకు ఓడలో రావాలి కాబట్టి హోటల్లో టమాటా కూర లేదంటే గొడవ పడకండి, పప్పు, చేపలు ఎప్పుడూ ఉంటాయి. ఆవకాయ, కందిపొడి చెక్-ఇన్ బ్యాగులో గట్టిగా ప్యాక్ చేసి వేసుకోండి. బోట్‌లో కడుపు తిప్పే వాళ్లు డాక్టర్‌ని అడిగి మాత్ర ఎక్కే గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే లాభం లేదు.

అపోహ: బీచ్‌లో పడి ఉన్న గవ్వే కదా, గుర్తుకి ఒకటి తెచ్చుకుంటే ఏమైతది

పగడాలు, చాలా రకాల గవ్వలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి, చచ్చిపోయిన పగడం ముక్కైనా సరే. ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగ్ స్కాన్‌లో కనపడితే తీసేసుకుంటారు, కేసు కూడా కావొచ్చు. కావాలంటే లైసెన్స్ ఉన్న షాపులో కొని బిల్లు దాచుకోండి.

చట్టం సరే, నాకు అసలు సంగతి అర్థమైంది మా అమ్మని తీసుకుపోయినప్పుడు. నీల్‌లో ఆటు టైమ్‌లో అమ్మ ఒడ్డున నడుస్తూ గోధుమరంగు చారల గవ్వ ఒకటి, బొటనవేలంత ఉంటదేమో, ఖాళీగా ఉందని చూసి కొంగున ముడేసుకొని రూమ్‌కి తెచ్చి టేబుల్ మీద పెట్టింది, నేను చూసుకోలేదు. రాత్రి పదింటికి చీకట్లో టిక్ టిక్ అని చప్పుడు. లైట్ వేస్తే గవ్వ టేబుల్ అంచు దాకా నడిచొచ్చి ఆగింది, కింద నుంచి సన్నటి ఎర్ర కాళ్లు, దారం ముక్కల్లాంటి మీసాలు. ఇంకొకరు వదిలేసిన గవ్వలో దూరి బతికే పీత అది. అమ్మ "అయ్యో, ఎవరి ఇల్లో ఎత్తుకొచ్చానే" అని చెప్పులు కూడా వేసుకోకుండా లేచింది. ఫోన్ టార్చ్ వేసుకొని ఇద్దరం బీచ్‌కి పోయి, అప్పటికి నీళ్లు పైదాకా వచ్చేసినయ్, తడి ఇసుక మీద పెట్టి అది కాళ్లు బయటికి తీసేదాకా అక్కడే కూర్చున్నాం.