పది నెలల క్లబ్బు: యూఎఫ్‌ఓ ఎందుకు నిలవలేదు

బ్రిటన్‌లో చిన్న సంగీత వేదికలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఒక్క 2023లోనే 125 పోయాయని వాటి తరఫున పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క చెప్పింది. స్టేడియాల్లో జరిగే పెద్ద కచేరీల టికెట్ మీద ఒక పౌండు తీసి ఈ చిన్న హాళ్లకు ఇవ్వాలన్న డిమాండ్‌కు 2024 నవంబరులో ప్రభుత్వమూ సరేనంది, కాకపోతే ఎవరికి వాళ్లే స్వచ్ఛందంగా ఇవ్వాలంది. చిన్న హాల్లో పేరు తెచ్చుకున్న బ్యాండ్ పెద్ద హాలుకు వెళ్లిపోతే, చిన్న హాలు ఏం తిని బతకాలి? గొడవంతా దీని గురించే. లండన్‌లో యూఎఫ్‌ఓ అనే సంగీత క్లబ్బు ఈ గొడవను ఏనాడో 1966-67లోనే, పది నెలల్లో మొదలు నుంచి చివరిదాకా చూసేసింది.

దాన్ని పెట్టింది ఇద్దరు. జో బాయిడ్ అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు, రికార్డు కంపెనీ ఉద్యోగం చేసినవాడు. జాన్ హాప్కిన్స్‌ను అందరూ హాపీ అనేవాళ్లు. హార్వెల్ అణుశక్తి కేంద్రంలో పనిచేసి, అది వదిలేసి పత్రికలకు ఫొటోలు తీసే పనిలో పడ్డాడు. 1966లో నాటింగ్‌హిల్‌లో లండన్ ఫ్రీ స్కూల్ అనే, చుట్టుపక్కల వాళ్లకు ఉచితంగా చదువు చెప్పే ప్రయత్నం నడిపిన వాళ్లలో ఆయన ఒకడు. దానికి డబ్బుల కోసం చర్చి హాల్లో పెట్టిన కచేరీల్లో అప్పటికి ఎవరికీ తెలియని పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ వాయించింది. జనం బాగానే వచ్చారు. ఈ లెక్కన ఊరి నడిబొడ్డున ఒక చోటు దొరికితే ఆడుతుందని ఇద్దరికీ తోచింది.

ఆ చోటు టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో, ఒక సినిమా హాలు కింద దొరికింది. బ్లార్నీ క్లబ్ అనే ఐరిష్ డ్యాన్సు హాలు అది. యజమాని గానన్‌తో కాగితం లేదు, రాత లేదు, చేయి కలిపి ఖాయం చేసుకున్నారు. శుక్రవారం రాత్రికి 15 పౌండ్లు, కూల్‌డ్రింకుల మీద వచ్చేది గానన్‌కే. మద్యం అమ్మేది లేదు. 1966 డిసెంబరు 23న మొదలైంది. తెల్లవార్లూ పాట, మధ్యలో ఆండీ వార్హోల్, కెన్నెత్ ఆంగర్ తీసిన ప్రయోగాల సినిమాలు. పింక్ ఫ్లాయిడ్, సాఫ్ట్ మెషీన్ దాదాపు క్లబ్బు సొంత బ్యాండ్లయ్యాయి.

పాట ఎంత విచిత్రమో లైట్లూ అంతే. మార్క్ బాయిల్ రెండు గాజు పలకల మధ్య రంగు ద్రవాలు, ఆమ్లాలు పోసి ప్రొజెక్టరులో పెట్టేవాడు. బల్బు వేడికి అవి బుడగలు కట్టి, మరిగి, ఒకదాన్నొకటి తినేస్తుంటే ఆ రంగులన్నీ వాయించేవాళ్ల మొహాల మీద పారేవి. పోస్టర్ల సంగతీ చెప్పాలి. మైకేల్ ఇంగ్లిష్, నైజెల్ వేమౌత్ కలిసి బంగారు, వెండి సిరాలతో సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో, అంటే సన్నటి జాలీ గుడ్డ గుండా సిరా లాగి, అచ్చేసేవాళ్లు. ఒకే లాగుడులో రెండు మూడు రంగులు కలిసిపోయి దిగేవి. గోడకు అంటించడమే ఆలస్యం, జనం పీకి ఇంటికి పట్టుకుపోయేవాళ్లు. ప్రచారంగా చూస్తే పరమ దండగ వ్యవహారం.

వచ్చిన డబ్బులో కొంత ఇంటర్నేషనల్ టైమ్స్ అనే పత్రికకు వెళ్లేది. హాపీ దాన్ని నడిపేవాళ్లలో ఒకడు. 1967 మార్చిలో పోలీసులు ఆ పత్రిక ఆఫీసు మీద దాడి చేశారు. సరిగ్గా ఆ నెలలోనే బాయిడ్ తీసిన పింక్ ఫ్లాయిడ్ తొలి రికార్డు బయటికొచ్చి హిట్టయింది. ఈఎంఐ కంపెనీ బ్యాండ్‌ను తీసుకుంది, నిర్మాతగా మాత్రం తన మనిషినే పెట్టుకుంది. బాయిడ్ ఖాళీ. ఇక ఆ బ్యాండ్ ప్రతి శుక్రవారం ఈ నేలమాళిగలో ఎందుకు వాయిస్తుంది? దాని రేటు పెరిగింది, ఊళ్లు తిరగడం పెరిగింది.

జూన్ 1న గంజాయి కేసులో హాపీకి 9 నెలల జైలు పడింది. జులై చివర్లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే ఆదివారం పత్రిక క్లబ్బు మీద ఘాటుగా రాసింది. పోలీసుల ఒత్తిడి గానన్ మీద పడింది. ఆయనకు శుక్రవారం కాక మిగతా రోజుల వ్యాపారం ఉంది, లైసెన్సు పోగొట్టుకోలేడు. ఖాళీ చేయమన్నాడు. జులై 28న పింక్ ఫ్లాయిడ్ వాయించిందే అక్కడ ఆఖరి రాత్రి.

యూఎఫ్‌ఓను పోలీసులే చంపారని చాలామంది అంటారు. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. ఆగస్టులో క్లబ్బు చాక్‌ఫామ్‌లోని రౌండ్‌హౌస్‌కు మారింది. రైలింజన్ల కోసం 1847లో కట్టిన గుండ్రటి షెడ్డు అది. 15 పౌండ్ల అద్దె ఎక్కడ, ఇది ఎక్కడ! ఇంత పెద్ద చోటు నిండాలంటే పేరున్న బ్యాండ్లు రావాలి, వాళ్లకు పెద్ద మొత్తాలు ఇవ్వాలి, గేటు దగ్గర కాపలా మనుషుల్ని పెంచాలి. మొదట్లో నడిపిన లెక్క ఏదీ ఇక్కడ పనికి రాలేదు. అక్టోబరులో మూసేశారు.

దాని జనం చాలావరకు కోవెంట్ గార్డెన్‌లోని మిడిల్ ఎర్త్ క్లబ్బుకు మళ్లారు. 1968లో దాని మీదా పోలీసు దాడి జరిగింది. అక్కణ్ణుంచి ఆ క్లబ్బూ తిన్నగా రౌండ్‌హౌస్‌కే మారింది.