నోత్రదామ్ ఆర్గన్‌లో 1963 ఏం మార్చింది?

2024 డిసెంబర్ 7న పారిస్‌లోని నోత్రదామ్ చర్చి తలుపులు తెరుచుకున్నాయి, అయిదేళ్ళకు పైగా మూగబోయిన పెద్ద ఆర్గన్ (కీబోర్డు నొక్కితే గొట్టాల్లోకి గాలి వెళ్ళి పలికే వాద్యం) పలికింది. దాంతోపాటే ఆర్గన్ తెలిసినవాళ్ళ మధ్య పాత తగవు కూడా మళ్ళీ లేచింది. వాద్యాన్ని ఎలాగూ విప్పారు కదా, 1868లో ఆర్గన్ నిర్మాత అరిస్టీడ్ కవాయే-కోల్ అప్పగించిన రూపానికే దాన్ని తేవాల్సింది కాదా అని ఒక పక్షం అడుగుతోంది.

2019 ఏప్రిల్ 15న చర్చి పైకప్పును కాల్చిన మంటలు ఆర్గన్‌ను అంటలేదు. నీళ్ళు కూడా పెద్దగా పడలేదు. కష్టమంతా కరిగిన పైకప్పు సీసంతో వచ్చింది. అది సన్నని దుమ్మై గొట్టాల్లోకీ గాలిపెట్టెల్లోకీ దిగింది. 2020 ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా విప్పారు, ఆ తర్వాత శుభ్రం చేసి, మళ్ళీ అమర్చారు. శ్రుతి పని దాదాపు ఆరు నెలలు రాత్రిపూట సాగింది. పగలు చర్చిలో సుత్తుల మోత, దానికి తోడు శ్రుతికి గాలి వేడి నిలకడగా ఉండాలి. ఒక్క డిగ్రీ పెరిగితే మామూలు గొట్టం శ్రుతి సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పైకి పోతుంది, లోహపు నాలుక కంపించి పలికే గొట్టాల శ్రుతి అంతగా మారదు. ఆ రెండు రకాలూ ఒకదానితో ఒకటి కలవకుండా పోతాయి.

1733లో తియెరీ కట్టిన ఆర్గన్, దాని మీద క్లికో చేసి 1788కి ముగించిన పని గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ తగవుకు వాటిలో కావలసిన విషయం ఒక్కటే. కవాయే-కోల్ కూడా వాద్యాన్ని కొత్తగా పుట్టించలేదు, మార్చాడు. పాత గొట్టాల్లో చాలావాటిని ఉంచుకున్నాడు. వాయించేవాడి వీపు వెనక ఉండే చిన్న ఆర్గన్ పెట్టె పోయింది. అయిదు కీబోర్డులు, 86 స్టాపులు (ఒక్కో స్టాపు ఒక్కో రకం నాదం ఇచ్చే గొట్టాలను పలికిస్తుంది), ఏడో హార్మోనిక్‌ను, అంటే మూల స్వరానికి ఏడు రెట్ల కంపనాన్ని, పలికే వరుసలు వచ్చాయి. 'అసలు రూపం' కావాలనేవాళ్ళు దీన్ని త్వరత్వరగా దాటేస్తారు.

అయినా వాళ్ళ వాదనలో బలం ఉంది. దాన్ని గొట్టాల్లో వెతికితే దొరకదు, మెట్టుకూ గొట్టానికీ మధ్య ఉన్న యంత్రంలో దొరుకుతుంది.

హార్మోనియంలో మెట్టు నొక్కితే దాని కిందనున్న మూత నేరుగా తెరుచుకుంటుంది. ఆర్గన్‌లో ఆ మూత గాలిపెట్టె లోపల, గాలి ఒత్తిడికి బిగుసుకుని, ఎన్నో అడుగుల దూరాన ఉంటుంది. మెట్టు నుంచి అక్కడికి సన్నని చెక్క పుల్లలు లాగుతాయి. కీబోర్డులను ఒకదానికొకటి జత చేస్తే ఒక్క వేలితో అయిదు మూతలు లాగాలి. అది వేళ్ళ వల్ల అయ్యే పని కాదు. దీనికి పరిష్కారం బార్కర్ లివర్. మెట్టు ఒక చిన్న కవాటాన్ని మాత్రమే తెరుస్తుంది, గాలి ఒక బుల్లి తోలుతిత్తిలోకి దూరుతుంది, ఆ తిత్తి ఉబ్బి అసలు పుల్లను లాగుతుంది. కవాయే-కోల్ దీన్ని 1841లో పారిస్ పక్కనున్న సెయింట్-డెనిస్ చర్చిలో నెగ్గించి, నోత్రదామ్‌కూ తెచ్చాడు. దీని జబ్బులూ తెలిసినవే. తోలు ఎండి పగులుతుంది, తిత్తి ఆలస్యంగా లేస్తుంది, తేమకు పుల్లలు సాగుతాయి, యంత్రం టకటకలాడుతుంది. మందు కూడా తెలిసిందే, తోలు మార్చి పుల్లలు సరిచేయడం. కొత్త స్టాపు పెట్టాలంటే మాత్రం దానికి చోటు, గాలి, పుల్లల దారి అన్నీ వెతకాలి. కాబట్టి చేర్చేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

1955లో పియెర్ కోషెరో ప్రధాన ఆర్గన్ వాద్యకారుడయ్యాడు. 1959, 1963 మధ్య ఆర్గన్ నిర్మాత జాన్ హెర్మన్ బార్కర్ యంత్రాలను తీసేసి విద్యుత్ పద్ధతి పెట్టాడు, కొత్త కన్సోల్ (కీబోర్డులు, పెడల్, స్టాపుల మీటలు ఉండే, వాద్యకారుడు కూర్చునే బల్ల) వచ్చింది. మెట్టు కింద విద్యుత్ కాంటాక్టు, మూత దగ్గర అయస్కాంతం, మధ్యలో తీగ. దూరం, బరువు అనే మాటలకు ఇక అర్థం లేదు. ఆ తర్వాత జరిగిన ప్రతిదీ ఈ తీగ మీదుగానే నడిచింది. 1968లో రోబెర్ బ్వాసో ముందుకు పొడుచుకొచ్చే అడ్డ ట్రంపెట్ గొట్టాల స్టాపులు మూడు చేర్చాడు. కవాయే-కోల్ ఇక్కడ అలాంటివి పెట్టలేదు. 1975 తర్వాత జాన్-లూ బ్వాసో చేతుల్లో మార్పులు సాగాయి. 2012-14 పనుల్లో పాత 'చిన్న పెడల్' గొట్టాలను ఏ కీబోర్డుకైనా కలుపుకోగల విభాగంగా మార్చారు. అంటే కాళ్ళతో మోగించేందుకు కట్టిన గొట్టాలు ఇప్పుడు చేతి కీబోర్డుకూ పలుకుతాయి. పుల్లల కాలంలో ఈ ఊహే రాదు. 86 స్టాపులు 115 అయ్యాయి, గొట్టాలు సుమారు 8,000.

తీగకు తన జబ్బులు తనకున్నాయి. కాంటాక్టు మీద పొర కడితే స్వరం పలకదు, రెండు తగిలితే ఆగదు. షార్ట్ సర్క్యూట్ భయంతో 1983లో స్టాపుల కలయికలను గుర్తుంచుకునే విద్యుత్ వ్యవస్థను విడదీయాల్సి వచ్చింది. 1992లో కంప్యూటర్‌తో కొత్త కన్సోల్, 2014కి మరొకటి. పాత మెట్లూ పెడల్ భాగాలూ కొన్ని దాంట్లోంచి దీంట్లోకి వచ్చాయి గానీ, 1868 ఏర్పాటు 90 ఏళ్ళకు పైగా నడిస్తే, దాని తర్వాతి 51 ఏళ్ళలో మూడు కన్సోళ్ళు కావాల్సి వచ్చాయి. తోలు మార్చగల పనివాడు ఏ తరంలోనైనా దొరుకుతాడు. ముప్పై ఏళ్ళ నాటి సర్క్యూట్ బోర్డుకు విడిభాగం దొరకదు.

ఉన్నది ఉన్నట్టు ఉంచాలనేవాళ్ళు చెప్పేది ఇది: కోషెరో వాయించిన ఆశువు ఈ వాద్యం మీదే వినబడింది, అదీ చరిత్రే. స్టాపుల గుంపులను క్షణంలో మార్చడం పాత యంత్రంతో కుదరదు. ఈ మాట నిజమే.

మంటల తర్వాత వాళ్ళ మాటే నెగ్గింది, ఆర్గన్ ప్రమాదానికి ముందున్న రూపంలోనే తిరిగొచ్చింది. వెనక్కి వెళ్దామన్నా ఎంతవరకు వెళ్ళగలం? చేర్చిన గొట్టాలను దించవచ్చు, అడ్డ ట్రంపెట్లను విప్పవచ్చు. గొట్టం పాదపు రంధ్రాన్ని పెద్దది చేసి ఉంటే తట్టి మళ్ళీ చిన్నది చేయవచ్చు. నోటి పై పెదవిని ఒకసారి కోస్తే మాత్రం పోయిన లోహం రాదు, దాని పలుకు మారిపోయినట్టే. బార్కర్ యంత్రాలను కొత్తగా కట్టించవచ్చు, కానీ అవి 86 స్టాపుల వాద్యానికి లెక్క వేసినవి, 115కి కాదు. యంత్రం కావాలంటే 1868 తర్వాత వచ్చినవాటిలో చాలావాటిని వదులుకోవాలి. పాత రూపం అడిగేవాళ్ళు ముందు ఆ బేరానికి సిద్ధపడాలి. ఇప్పటి ఎలక్ట్రానిక్స్‌కు కాలం చెల్లి, కన్సోల్‌ను మళ్ళీ తెరిచే రోజున ఇదే లెక్క బల్ల మీదికి వస్తుంది.