చదువు మానేసే హైస్కూల్ పిల్లలు, 18 ఏళ్ల చట్టం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో (ఇక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా) పన్నెండేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చే కాగితాలన్నింటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది విత్‌డ్రాయల్ ఫారం, అంటే బడి మానేస్తున్నామని ఇచ్చే కాగితం. ఒకటే పేజీ. పిల్లాడి పేరు, పుట్టిన తేదీ, కారణం, తల్లిదండ్రుల సంతకం. కారణం రాయడానికి ఒక్క లైను మాత్రమే ఉంటుంది. ఆ లైనులో పట్టనివి చాలా ఉంటాయి. చదువు మానేసే పిల్లల గురించి టీచర్ల దగ్గరా, తల్లిదండ్రుల దగ్గరా పదేపదే వింటున్న మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఎంతవరకు నిజమో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నిర్బంధ విద్య వయసును, అంటే తప్పనిసరిగా బడికి రావాల్సిన వయసును, 18కి పెంచితే చాలు, పిల్లలు మానేయడం ఆగిపోతుంది.

వాస్తవం: ఈ దేశంలో మొదటి నిర్బంధ విద్యా చట్టం 1852లో మసాచుసెట్స్‌లో వచ్చింది, చివరిది 1918లో మిసిసిపీలో. ఇప్పటికీ దేశమంతటికీ ఒకే వయసు లేదు. కొన్ని రాష్ట్రాల్లో 16, కొన్నింటిలో 17, మరికొన్నింటిలో 18. ప్రతి రాష్ట్రమూ పిల్లల్ని 18 నిండేదాకా లేదా హైస్కూల్ పూర్తయ్యేదాకా బడిలో ఉంచాలని 2012 జనవరిలో అధ్యక్షుడు ఒబామా కోరారు. మేరీలాండ్ 2015లో 17కి, 2017లో 18కి పెంచింది. అయితే చట్టంలో 18 అని ఉన్నా చాలాచోట్ల మినహాయింపులుంటాయి. అమ్మానాన్న ఒప్పుకుని సంతకం పెడితే అంతకుముందే వదిలేస్తారు. పిల్లాడు పేరుకు రిజిస్టర్‌లో ఉండి నెలలో పది రోజులు రాకపోతే, వెంటపడి కనుక్కునే మనిషి స్కూల్లో ఉండాలి. ఆ మనిషికి జీతం ఇవ్వకుండా వయసు ఒక్కటే పెంచితే మారేది రిజిస్టరే.

ఇంగ్లండ్ పద్ధతి నాకు దీనికంటే నచ్చుతుంది. 2008లో చేసిన చట్టంతో అక్కడ 2013లో 17 ఏళ్ల దాకా, 2015లో 18 దాకా చదువు లేదా శిక్షణలో ఉండాలన్నారు. కానీ అందరూ తరగతి గదిలోనే కూర్చోవాలనలేదు. అప్రెంటిస్‌షిప్‌లో చేరవచ్చు, ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్‌లో చదువుకోవచ్చు.

అపోహ: అయితే చట్టం వల్ల ఏ ఉపయోగమూ లేదు. ఇష్టంలేని వాణ్ణి ఎవరూ ఆపలేరు.

వాస్తవం: ఉపయోగం ఉంది. ఆర్థికవేత్తలు జాషువా యాంగ్రిస్ట్, అలన్ క్రూగర్ 1991లో దీన్ని చాలా తెలివిగా లెక్కకట్టారు. ఏడాది మొదట్లో పుట్టినవాళ్లు కాస్త పెద్ద వయసులో బడిలో చేరతారు కాబట్టి, 16 నిండేసరికి వాళ్లు చదివింది కొంచెం తక్కువే ఉంటుంది. ఏడాది చివర్లో పుట్టినవాళ్లు మానేయాలనుకున్నా, 16 నిండేలోపు ఇంకొన్ని నెలలు చదవక తప్పదు. ఈ చిన్న తేడాని పట్టుకుని, మానేసే అవకాశమున్న పిల్లల్లో దాదాపు 25 శాతం మంది చట్టం వల్లే బడిలో ఉండిపోయారని వాళ్లు తేల్చారు. ఆ లెక్క పాత తరానిదే, అయినా నలుగురిలో ఒకరంటే తక్కువేమీ కాదు. అందుకే వయసు పెంచడానికే నా ఓటు. మిగిలిన ముగ్గురి సంగతేమిటన్నది మాత్రం నన్ను వదలదు.

అపోహ: మానేసేవాళ్లంతా చదువు ఎక్కని పిల్లలు, బద్ధకస్తులు.

వాస్తవం: 2006లో వెలువడిన ఒక సర్వేలో, చదువు మధ్యలో ఆపేసిన యువతని స్వయంగా అడిగారు. 88 శాతం మంది పాస్ మార్కులతోనే ఉన్నామన్నారు. క్లాసులు ఆసక్తిగా లేవన్నవారు 47 శాతం. ఎక్కువ రోజులు రాకపోవడంతో మిగతావాళ్లని అందుకోలేకపోయామన్నవారు 43 శాతం. డబ్బు సంపాదించాల్సి వచ్చిందన్నవారు 32 శాతం.

ఆ చివరి అంకె చూస్తే నాకు ఒక కుర్రాడు గుర్తొస్తాడు. పదో తరగతి, పదహారు నిండి మూడు వారాలు. ఫారం నింపుకుని అమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. సంతకం చేసేముందు ఆమె పెన్ను పట్టుకుని, అందులో ఏం రాసుందని కొడుకునే అడిగింది. ఆమెకి ఇంగ్లిష్ రాదు. ఇంగ్లిష్ తెలిసింది వాడికే. వాడు ఏం చెప్పాడో గానీ ఆమె నా వైపు చూసింది. నేను ఫోన్లో దుభాషిని పిలిచాను. అప్పుడు తెలిసింది, వాడు ఒక రెస్టారెంట్‌లో రాత్రి పదకొండున్నర దాకా గిన్నెలు కడుగుతున్నాడని. మొదటి పీరియడ్ ఆల్జీబ్రా, ఉదయం ఏడున్నరకి. అందులో ఫెయిల్. మిగతా వాటిలో బాగానే ఉన్నాడు.

ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం ప్రకారం 14, 15 ఏళ్ల పిల్లలు బడి ఉన్న రోజు 3 గంటలకు మించి, బడి నడిచే వారంలో 18 గంటలకు మించి పనిచేయకూడదు. 16 నిండగానే ఆ గంటల పరిమితి పోతుంది. రాష్ట్రానికి సొంత నియమాలేమైనా ఉంటే అవే మిగులుతాయి. అంటే కొన్ని రాష్ట్రాల్లో బడి మానేసే దారి, ఎంతసేపైనా పనిచేసే దారి ఒకే పుట్టినరోజున తెరుచుకుంటాయి.

ఆ రోజు ఫారం పక్కన పెట్టించాం. ఆల్జీబ్రాని నాలుగో పీరియడ్‌కి మార్చాం, ఉదయం మొదటి గంట ఖాళీ ఉంచాం. పని మానమని చెప్పలేదు. అద్దె కట్టాల్సిన ఇల్లు అది.

అపోహ: మానేయడం అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయం, ముందే కనిపెట్టలేం.

వాస్తవం: కనిపెట్టగలం, ఏళ్ల ముందే. చూడాల్సినవి మూడు: హాజరు, ప్రవర్తన, ఇంగ్లిష్-లెక్కల మార్కులు. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ బాల్ఫాంజ్ బృందం చేసిన పరిశోధన ప్రకారం ఆరో తరగతిలోనే ఈ మూడూ దారి చూపిస్తాయి. షికాగోలో తొమ్మిదో తరగతి మీద దృష్టి పెట్టారు. ఆ ఏడాది కనీసం ఐదు క్రెడిట్లు (ఒక సబ్జెక్టు ఏడాదంతా చదివి పాసైతే ఒక క్రెడిట్) తెచ్చుకుని, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టర్‌కి మించి ఫెయిల్ కాని పిల్లలు నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తి చేసే అవకాశం మిగతావారికంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ.

బడి రోజుల్లో 10 శాతం పోతే దాన్ని దీర్ఘకాలిక గైర్హాజరు అంటాం. 180 రోజుల్లో 18. నెలకి రెండే రెండు రోజులు. తల్లిదండ్రులకి ఈ లెక్క చెబితే చాలామంది ఉలిక్కిపడతారు. నేను ప్రతి సోమవారం తొమ్మిదో తరగతి హాజరు పట్టిక తెరుస్తాను. మొత్తం రోజులకంటే ముందు మొదటి పీరియడ్ వరుస చూస్తాను. అక్కడ ఆలస్యాలు మొదలైతే, పూర్తిగా రాకపోవడం వెనకే వస్తుంది. ఆ దశలో ఒక్క ఫోన్ చేసినా పిల్లాడు కదులుతాడు. మానేసే ముందు రోజు చేస్తే కదలడు.

అపోహ: కోర్టుకి ఈడిస్తే, జరిమానా వేస్తే దారికొస్తారు.

వాస్తవం: టెక్సస్‌లో బడికి రాని పిల్లల మీద క్రిమినల్ కేసులు పెట్టేవారు. 2015లో చట్టం మార్చి దాన్ని నేరాల జాబితాలోంచి తీసేశారు. బస్సు ఛార్జీకే తడుముకునే ఇంటి మీద జరిమానా పడితే పిల్లాడు ఇంకో షిఫ్టు ఎక్కువ చేస్తాడు, అంతే. బడికి రానందుకు సస్పెండ్ చేసి ఇంటికి పంపే స్కూళ్లూ ఉన్నాయి. అది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అపోహ: ఫెయిలైతే అదే క్లాసులో మళ్లీ కూర్చోబెడితే గట్టిపడతాడు.

వాస్తవం: ఎక్కువమంది విషయంలో జరిగేది వేరు. తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చున్న పిల్లాడే మానేసే ప్రమాదం ఎక్కువ. పోయిన క్రెడిట్‌ని వేసవిలో విడిగా పూర్తి చేయించడం మేలు.

అపోహ: హైస్కూల్ డిప్లొమాకి బదులుగా రాసే జీఈడీ పరీక్ష పాసైతే అదీ ఇదీ ఒకటే.

వాస్తవం: నోబెల్ గ్రహీత జేమ్స్ హెక్‌మన్ పరిశోధనల ప్రకారం ఉద్యోగాల్లో, సంపాదనలో జీఈడీ వాళ్లు హైస్కూల్ పూర్తిచేసిన వాళ్లతో సమానం కాలేకపోయారు. వేరే దారే లేనివాళ్లకి అది మంచిదే. పదహారేళ్లకే మొదటి దారిగా చూపించడం మాత్రం తప్పు.

అపోహ: గర్భవతి అయినా, ఇల్లు పోయినా, 18 దాటినా బడి తలుపులు మూసుకున్నట్టే.

వాస్తవం: చదువులో ఆడ, మగ వివక్షని నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం గర్భవతి అని ఏ అమ్మాయినీ బడి నుంచి పంపకూడదు. ఇల్లు లేని పిల్లల్ని కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలని 1987 నాటి మెకిన్నీ-వెంటో చట్టం చెబుతోంది. ఇక వయసు సంగతంటారా, తప్పనిసరిగా రావాల్సిన వయసు వేరు, ఉచితంగా చదువుకునే హక్కున్న వయసు వేరు. చాలా రాష్ట్రాల్లో ఆ హక్కు 20 లేదా 21 దాకా ఉంటుంది. కౌంటర్ దగ్గర "నీ వయసు దాటిపోయింది" అని ఎవరైనా అంటే వెనక్కి తిరగకండి. "ఈ రాష్ట్రంలో ఉచిత విద్య ఏ వయసు దాకా? నావి ఎన్ని క్రెడిట్లు మిగిలాయి?" అని అడిగి, రెండిటికీ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.