నాలుగు మళ్లలో ఎండింది ఏది?

అమలాపురం,
ఆరుద్ర కార్తె

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

కారు ‘మిస్సింగ్’ కొడుతుంటే, అంటే ఇంజన్ మధ్యమధ్యలో తడబడుతుంటే, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కదా. షెడ్లలో చాలామంది ముందు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు మార్చేస్తారు, తగ్గకపోతే వాటికి కరెంటిచ్చే కాయిళ్లు, అదీ కాకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు. చివరికి ఏదో ఒకటి తగులుతుంది. ఈలోగా బండి గలాయన జేబు ఖాళీ, అసలు దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు.

పొలంలో మనం అలా చెయ్యం. ఒకే బోదె కింద నాలుగు మళ్లున్నాయనుకోండి. ఒక్క మడే ఎండితే పార పట్టుకుని ఆ మడి మడవ దగ్గరికే వెళ్తాం. నాలుగూ ఎండితే తూము చూస్తాం, అక్కడా నీరు లేకపోతే లాకుల దాకా నడుస్తాం. ఒక్క మడి ఎండిందని ధవళేశ్వరం పరుగెత్తేవాడు ఎవడూ ఉండడు. పెట్రోలు మండే గదులే సిలిండర్లు, నాలుగు సిలిండర్ల ఇంజన్‌కీ అదే దారి. ఎండింది ఒకటా, అన్నీనా? ఒకటైతే ఏది? ఇది తేలేదాకా కొత్త సామాను కొనొద్దు.

సిలిండర్‌లోకి వచ్చిన గాలీ పెట్రోలూ మండకుండానే బయటికి పోతే దాన్ని మిస్సింగ్ అంటాం. మండాలంటే మూడు కావాలి. సరైన పాళ్లలో గాలీ పెట్రోలూ, వేళకు పడే నిప్పురవ్వ, గట్టి కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కే ఒత్తిడి). ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, 800 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు మండాలి, రెండు చుట్లకు ఒకసారే దాని వంతు కాబట్టి. నాలుగూ కలిపి అర చుట్టుకొక తోపు, అంటే 37.5 మిల్లీసెకన్లకు ఒకటి. ఒక తోపు తప్పితే ఆ అర చుట్టు రవ్వంత ఆలస్యమవుతుంది. ఇంజన్ ఇరుసు (క్రాంక్) తిరిగే వేగం చూసే క్రాంక్ సెన్సార్ ఆ ఆలస్యాన్ని పట్టుకుంటుంది. అప్పుడు వంతు ఏ సిలిండర్‌దో ఇంజన్ కంప్యూటరైన ఈసీయూకి తెలుసు కనుక సిలిండర్ నంబరు రాసిపెట్టుకుంటుంది. గతుకుల రోడ్డు మీద చక్రాల కుదుపుకి కూడా క్రాంక్ వేగం తడబడుతుంది. అందుకే చాలా బండ్లలో అలాంటి చోట ఈసీయూ లెక్కపెట్టడం ఆపేస్తుంది. మన లంక రోడ్ల మీద అది ఎంతసేపు లెక్కపెడుతుందో మీరే ఊహించుకోండి!

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా ఇంటికి చేరొచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం యాక్సిలరేటర్ వదిలేసి బండి పక్కకు ఆపాలి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పడి అక్కడ మండుతుంది. వేడి వెయ్యి డిగ్రీలు దాటితే లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ పాడైపోతుంది. కాయిల్‌తో పోయే ఖర్చు అక్కడ ఎన్నో రెట్లవుతుంది.

ఇక పని. స్టీరింగ్ కింద, ఈసీయూ రాసుకున్న తప్పుల్ని చదివేందుకు 16 పిన్నుల ఓబీడీ సాకెట్టు ఉంటుంది. దానికి చిన్న స్కానర్ తగిలించి కోడ్ చదవండి. పీ0301 నుంచి పీ0304 దాకా వస్తే చివరి అంకె సిలిండర్ నంబరు. ఎక్కువ బండ్లలో బెల్టు వైపున్నది ఒకటో నంబరు, అయినా బుక్కులో చూసుకోండి. పీ0300 అయితే ఫలానా అని తేలలేదన్నమాట, చాలాసార్లు అన్ని మళ్ల సంగతి. కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోండి. తప్పు జరిగినప్పుడు ఇంజన్ వేడి ఎంత, ఆర్పీఎం ఎంత, లోడు ఎంత అన్నవి అందులో ఉంటాయి. చెరిపేస్తే అవీ పోతాయి.

స్కానర్ లేకపోయినా పట్టుకోవచ్చు. ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి, తిరిగి పెట్టండి. మంచి సిలిండర్‌ది తీస్తే ఇంజన్ కుంటుతుంది. ఏది తీసినప్పుడు తేడా ఉండదో పనిచెయ్యనిది ఆ సిలిండరే. కాయిల్ కాకుండా ఇంజెక్టరే ఎందుకంటే, కాయిల్ తీస్తే పచ్చి పెట్రోలు కన్వర్టర్‌లోకి పోతుంది. పాత బండ్లలో ప్లగ్గు వైరు మాత్రం నడుస్తుండగా చేత్తో లాగొద్దు, అందులో వేల వోల్టులుంటాయి. మూడు సిలిండర్ల బండి ఐడిల్‌లో కాస్త వణకడం సహజం, దాన్ని చూసి కంగారుపడకండి.

నంబరు దొరికింది, రెండు అనుకుందాం. ఇప్పుడు ఇంజన్ ఆపి, రెండో కాయిల్‌ని మూడో దానికీ, మూడోదాన్ని రెండో దానికీ మార్చండి. కోడ్ చెరిపి, మిస్సింగ్ వచ్చేదాకా నడపండి. పీ0303 వస్తే తప్పు కాయిల్‌తో పాటే నడిచివచ్చింది, కాయిల్ మార్చండి. పీ0302 అలాగే ఉంటే కాయిల్ నిర్దోషి. తర్వాత ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్ ఇలాగే మార్చి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఎవరు దోషో తేలదు. ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు నిప్పిచ్చే బండ్లలో జతలు 1-4, 2-3. ఒకటీ నాలుగూ కలిసి మిస్సయితే ఆ జత కాయిలే మొదటి అనుమానం.

ప్లగ్గు తీసినప్పుడు దాని మొహం చదవండి. లేత గోధుమరంగు ఆరోగ్యం. పొడి నల్లమసి అయితే పెట్రోలు ఎక్కువ. నూనె తడి అయితే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. పెట్రోలు తడి అయితే నిప్పు పడలేదు. సున్నంలా తెల్లబడితే పెట్రోలు తక్కువ లేదా వేడి ఎక్కువ. పింగాణీ మీద నిలువునా సన్నని నల్లగీత కనిపిస్తే కరెంటు ఆ గీత వెంటే పక్కదారి పడుతోంది, తుడిస్తే పోదు. ప్లగ్గుతో పాటు కాయిల్ రబ్బరు తొడుగూ మార్చాలి. నిప్పురవ్వ దూకే గ్యాప్ మామూలుగా 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య, మీ బండికి ఎంతో బుక్కులో ఉన్నది ఫీలర్ గేజ్‌తో చూడండి. బిగించేది చల్లారిన ఇంజన్‌లోనే. మొదట చేత్తో చివరిదాకా తిప్పి, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గయితే స్పానర్‌తో ఇంకో అర తిప్పు. వాడిన దాన్నే తిరిగి పెడితే చుట్టులో పన్నెండో వంతు చాలు. బలం చూపిస్తే అల్యూమినియం మర పోతుంది.

మన ప్రాంతపు జబ్బులు వేరే ఉన్నాయి. ఇంజన్ మీద పైపుతో నీళ్లు కొట్టి కడిగితే ప్లగ్గు గుంటల్లో నీరు నిలుస్తుంది. మర్నాడు పొద్దున్నే మిస్సింగ్, ఇంజన్ వేడెక్కాక మాయం. కాయిల్ ఎత్తి, గాలి కొట్టి ఆరబెడితే చాలు. ఓడలరేవు, అంతర్వేది వైపు తిరిగే బండ్లకు, కెరటాలు ఎగిరిపడే ఉప్పాడ బీచ్ రోడ్డులో నడిచే బండ్లకు కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. బయటికి మంచి కాయిలే, లోపలికి కరెంటు అందదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పిన్ను వదులైందేమో లాగి చూడండి. వరదనీట్లో ఆగిపోయిన కారుని అసలు స్టార్ట్ చెయ్యొద్దు. నీరు గాలిలా నొక్కితే కుదించుకోదు, పిస్టన్‌ని మోసే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గులు తీసి, ఇంజన్ తిప్పి, ముందు నీళ్లు కక్కించాలి.

సీఎన్‌జీ బండి పెట్రోలు మీద బాగా నడిచి గ్యాసు మీద మిస్సవుతుంటే ముందు ప్లగ్గు, కాయిల్ చూడండి. గ్యాసు అంటుకోవడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్గు అక్కడే బయటపడుతుంది.

ఇక నాలుగు మళ్లూ ఎండిన సంగతి. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, ఈసీయూ పెట్రోలుని ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె అది. ఐడిల్‌లో ప్లస్ 10 శాతం దాటి, 2500 ఆర్పీఎంలో మామూలుకి వస్తే ఎక్కడో దొంగగాలి చొరబడుతోంది. పగిలిన వాక్యూమ్ గొట్టమో, గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్ గాస్కెట్టో అయ్యుంటుంది. సబ్బునీరు చల్లి చూడండి, ఐడిల్ మారిన చోటే చిల్లు. వేడి ఇంజన్ మీద మండే స్ప్రేలు వాడొద్దు. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోలు పంపో ఫిల్టరో బలహీనం. పెట్రోలు పోయించిన వెంటనే మొదలైతే కాస్త గాజుసీసాలో పట్టి నిలవనివ్వండి. ఇథనాల్ కలిసిన పెట్రోలులో నీరు హద్దు దాటితే ఆ రెండూ కలిసి అడుక్కి దిగి, పైన గీత కనిపిస్తుంది.

కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్ మూడూ నిర్దోషులైనా రెండో నంబరే మిస్సవుతుంటే వైరింగ్ సరిచూసి, కంప్రెషన్ గేజ్ పెట్టండి. ఇంజన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, పెట్రోలూ నిప్పూ ఆపేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్‌తో ఇంజన్ తిప్పాలి. ఎక్కువ పెట్రోలు ఇంజన్లలో 150 నుంచి 200 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా వస్తుంది. సిలిండర్ల మధ్య తేడా పది పదిహేను శాతం మించకూడదు. తక్కువ వచ్చిన దానిలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గితే, రేడియేటర్ నీరూ తగ్గుతుంటే, హెడ్ గాస్కెట్.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపి, చల్లటి ఇంజన్‌తో ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి, వంతెన ఎక్కుతూ ఎక్కువ లోడులో ఒకసారి నడపండి. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో రాసుకున్న పరిస్థితి మళ్లీ వచ్చినా కోడ్ రాకపోతేనే బండి అప్పగించండి.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క. వరి కోతలయ్యాక ఎలుకలు షెడ్లలో చేరి ఇంజెక్టర్ వైర్లు కొరుకుతాయి, సామాను తిప్పి చూసే ముందు వైరు మొత్తం వేలితో తడమండి. మిస్సింగ్ కొట్టిన బండిని రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీద గానీ, కళ్లం పక్క గానీ ఆపొద్దు. కింద కాలుతున్న కన్వర్టర్‌కి ఎండుగడ్డి తగిలితే కారూ పోతుంది, కుప్పా పోతుంది.